ఆ రెండు భాషల మధ్య ఆ కొద్దిమంది

అరబ్బీ మాట్లాడేవాళ్లు కోట్లలో ఉన్నారు. ఫ్రెంచి మాట్లాడేవాళ్లూ కోట్లలోనే ఉన్నారు. రెండూ వచ్చినవాళ్లకు మొరాకో నుంచి లెబనాన్ దాకా కొదవ లేదు. కానీ మధ్యయుగపు అరబ్బీ తత్వవేత్త ఇబ్న్ రుష్ద్‌ని ఫ్రెంచిలోకో, ఫ్రెంచి తత్వవేత్త దెరిదాని అరబ్బీలోకో తేగల మనిషి కావాలంటే మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సిందే. ఎవరు వాళ్లు? ఎలా తయారయ్యారు? ఇప్పుడు ఎక్కడ వెతకాలి?

మొరాకో మేధావి అబ్దుల్లా లారుయీ 1967లో పారిస్‌లో ఒక పుస్తకం వేశారు. పేరు 'సమకాలీన అరబ్బు భావజాలం'. రాసింది ఫ్రెంచిలో, విషయం అరబ్బులది. 1970లో బేరూత్‌లో దాని అరబ్బీ అనువాదం వచ్చింది. అరబ్బు ప్రపంచంలో ఎక్కువమంది చదివింది ఆ అనువాదాన్నే, వాదులాడుకున్నది దాని మీదే. రచయితకు మాత్రం అది నచ్చలేదు. పాతికేళ్లు గడిచాక, 1995లో, తన పుస్తకాన్ని తనే కూర్చుని అరబ్బీలోకి మళ్లీ అనువదించుకున్నారు. లారుయీ అరబ్బీ మాతృభాషగా పుట్టిన మనిషి, అరబ్బీలో నవలలు రాసిన మనిషి. అయినా తన పుస్తకానికి తగిన అనువాదకుడు తనకే దొరకలేదు.

ఈ సంగతి వింటే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. ఫ్రాన్స్ 1830లో అల్జీరియాలో కాలు పెట్టింది. ట్యునీసియా, మొరాకో, సిరియా, లెబనాన్‌లను దశాబ్దాల పాటు ఏలింది. ఇన్నేళ్ల సహవాసం తర్వాత రెండు భాషల మధ్య దారి బాగా నలిగి ఉండాలి కదా! వ్యాపార పత్రాలకు, కోర్టు కాగితాలకు, నవలలకు నిజంగానే నలిగింది. తత్వశాస్త్రం దగ్గరే అడుగు తడబడుతోంది.

ఖాజీగారి పుస్తకం

తడబాటు ఎక్కడో చూడాలంటే ఒక్క పుస్తకం చాలు. ఇబ్న్ రుష్ద్ 1126లో కొర్దోబాలో పుట్టాడు. ఐరోపా ఆయన్ని అవెరోస్ అని పిలుచుకుంది. అరిస్టాటిల్‌కి వ్యాఖ్యానాలు రాశాడు, సెవిల్‌లోనూ కొర్దోబాలోనూ ఖాజీగా తీర్పులు చెప్పాడు, ఖలీఫాకు వైద్యం చేశాడు. 1198లో మరాకెష్‌లో కన్నుమూశాడు. ఆయన రాసినవాటిలో 'ఫస్ల్ అల్ మకాల్' చాలా చిన్నది. ఒక పూటలో చదివేయొచ్చు. తత్వశాస్త్రం చదవడాన్ని ధర్మశాస్త్రం అనుమతిస్తోందా, నిషేధిస్తోందా, లేక చదివి తీరమంటోందా అన్న ప్రశ్నతో అది మొదలవుతుంది.

దీన్ని లియోన్ గోతియే అనే పండితుడు 1905లో అల్జియర్స్‌లో ఫ్రెంచిలోకి తెచ్చారు. 1996లో మార్క్ జొఫ్రువా మళ్లీ అనువదించారు. అరబ్బీ, ఫ్రెంచి పక్కపక్కనే ఉన్న చౌక ప్రతిగా ఫ్లామరియాఁ సంస్థ దాన్ని వేసింది. మధ్యయుగ తత్వచరిత్రలో పెద్ద పేరున్న అలాఁ ద లిబెరా ముందు దీర్ఘమైన పరిచయం రాశారు. ఒకసారి ఉన్నదాన్ని మళ్లీ ఎందుకు? ఎందుకంటే ఈ పుస్తకం తత్వవేత్త చెప్పిన ఉపన్యాసం కాదు, ఖాజీ ఇచ్చిన ధర్మాభిప్రాయం. మొదటి వాక్యాల్లో వచ్చే మాటలన్నీ ఫిఖ్ పరిభాష. విధి, అభిలషణీయం, అనుమతం, నిషిద్ధం అంటూ ఇస్లామీ న్యాయశాస్త్రం పనులను వర్గాలుగా విడగొడుతుంది. ఆ వర్గాలు తెలియనివాడు అనువదిస్తే అక్కడ 'చదవడం మంచిదా కాదా' అన్న సాదా చర్చ మిగులుతుంది. ఖాజీ నోటి నుంచి వచ్చిన తీర్పు బరువు పోతుంది.

అదే పుస్తకంలో ఇంకో మలుపు ఉంది. ఖురాన్‌లో ఒక వాక్యం మధ్యలో విరామం ఎక్కడ పెట్టి చదవాలన్న దానిపై పండితులకు పాత తగువు. ఒకచోట ఆపితే గూఢార్థం దేవుడొక్కడికే తెలుసు. ఇంకొన్ని మాటలు దాటి ఆపితే జ్ఞానంలో నిలదొక్కుకున్నవాళ్లకూ తెలుసు. ఇబ్న్ రుష్ద్ రెండోదాన్ని ఎంచుకుంటాడు, తన వాదాన్ని దాని మీద నిలబెడతాడు. ఇప్పుడు అనువాదకుడి సంగతి చూడండి. అతనికి అరబ్బీ వ్యాకరణం రావాలి, ఖురాన్ వ్యాఖ్యాన సంప్రదాయం తెలియాలి, అరిస్టాటిల్ తెలియాలి, న్యాయశాస్త్రం తెలియాలి. ఆ తర్వాతే ఫ్రెంచి బాగా రాయడం గురించి మాట్లాడుకోవచ్చు.

'అఖ్ల్' అనే మాట మనకు ఉర్దూ మీదుగా తెలిసిందే. హైదరాబాదులో 'అఖల్ ఉందా?' అంటారు. ఇబ్న్ రుష్ద్ గ్రంథంలో ఆ మాట వస్తే గ్రీకు నుంచి వచ్చిన 'బుద్ధితత్వం' అనే పారిభాషిక పదం. ఇరవయ్యో శతాబ్దపు మొరాకో తత్వవేత్త ముహమ్మద్ ఆబిద్ అల్ జాబిరీ తన గ్రంథమాలకు 'అరబ్బు అఖ్ల్ విమర్శ' అని పేరు పెడితే అది కాంట్ వైపు చూస్తున్న 'వివేచన'. ఫ్రెంచిలో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. ఒక తరం ఆలోచనాపరులు ఇంకో తరాన్ని ఉటంకించిన చోట ఏ మాట వాడాలో నిఘంటువు చెప్పదు. జాబిరీ పరిచయ గ్రంథాన్ని 1990లలో ఫ్రెంచిలోకి తెచ్చింది ఇద్దరు: అహ్మద్ మహఫూద్, ఇందాకటి మార్క్ జొఫ్రువా. ఇలాంటి పనికి ఒక్కరి కంటే ఇద్దరు నయమని నా నమ్మకం.

'ఉంది' లేని భాష

అటు నుంచి ఇటు రావడం కూడా అంతే కష్టం. ఫ్రెంచి తత్వశాస్త్రం 'ఉండటం' అనే క్రియ చుట్టూ తిరుగుతుంది. అరబ్బీలో వర్తమాన కాలపు వాక్యానికి ఆ క్రియ అక్కర్లేదు. 'జైద్ న్యాయమూర్తి' అంటే చాలు, వాక్యం పూర్తయినట్టే. తెలుగువాళ్లకు ఇది వింతేమీ కాదు. 'ఆకాశం నీలం' అంటాం, మధ్యలో క్రియ లేదని ఎవరికీ తోచదు. ఫ్రెంచివాడు అలా అనలేడు. పదో శతాబ్దంలోనే తత్వవేత్త ఫారాబీ ఈ ఇబ్బందిని పసిగట్టాడు. గ్రీకులోనూ పారసీకంలోనూ ఉన్న ఆ కలిపే మాట అరబ్బీలో లేదని, అందుకే అనువాదకుల్లో కొందరు 'అతడు' అనే సర్వనామాన్ని, కొందరు 'కనబడినది' అనే అర్థం నుంచి వచ్చిన 'మౌజూద్'ని ఆ చోట నిలబెట్టారని తన 'కితాబ్ అల్ హురూఫ్'లో వివరించాడు. ఆ తాత్కాలిక ఏర్పాటే స్థిరపడిపోయింది. ఈజిప్టు తత్వవేత్త అబ్దుర్రహ్మాన్ బదవీ 1966లో ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ మహాగ్రంథాన్ని అరబ్బీలోకి తెచ్చినప్పుడు దాని పేరులో ఉన్నది ఆ మౌజూద్ ధాతువే.

ఈ తగువుకు ఇంకా పాత ముఖం ఉంది. పదో శతాబ్దపు బాగ్దాద్‌లో వజీరు సభలో అబూ బిష్ర్ మత్తా అనే తర్కవేత్తకూ, సీరాఫీ అనే వ్యాకరణవేత్తకూ వాదం జరిగింది. తర్కం అన్ని జాతులకూ ఒకటే అని మత్తా. అది గ్రీకు భాష వ్యాకరణమే, మాకెందుకు అని సీరాఫీ. పైగా నీకు గ్రీకే రాదు, సిరియాక్ భాష మీదుగా తెచ్చుకున్నావని ఎత్తిపొడుపు. ఆ ఎత్తిపొడుపు నిజమే, మత్తా అరిస్టాటిల్‌ని సిరియాక్ నుంచే అనువదించాడు. 1958లో ఫ్రెంచి భాషావేత్త ఎమిల్ బెన్వెనిస్త్ అరిస్టాటిల్ పదార్థ విభాగాలు గ్రీకు భాష విభాగాలేనని వ్యాసం రాస్తే పారిస్‌లో దుమారం లేచింది. సీరాఫీ ఉంటే నవ్వి ఉండేవాడు.

మత్తా వంశం ఇంకా అంతరించలేదు. సిరియాలోని అలెప్పోలో పుట్టి పారిస్‌లో స్థిరపడ్డ జార్జ్ తరాబీషీ (1939-2016) రెండు వందలకు పైగా పుస్తకాలు అరబ్బీలోకి తెచ్చారు. హెగెల్, ఫ్రాయిడ్ అందులో ఉన్నారు. అయితే వాళ్లు జర్మన్ నుంచి రాలేదు, ఫ్రెంచి మీదుగా వచ్చారు. మరో అనువాదకుడు సామీ అల్ దరూబీ తత్వవేత్త బెర్గ్‌సన్‌ని నేరుగా ఫ్రెంచి నుంచి తెచ్చారు, దస్తయేవ్‌స్కీని మాత్రం అదే ఫ్రెంచి దారిలో తెచ్చారు. దీన్ని తప్పుపట్టడం తేలిక. రెండు తరాల అరబ్బు విద్యార్థులకు ఫ్రాయిడ్ పరిచయమైంది ఆ దారిలోనేనని మరిచిపోవడం ఇంకా తేలిక. మన దగ్గర రష్యన్ సాహిత్యం తెలుగులోకి వచ్చిన తీరు తెలిసినవాళ్లు తరాబీషీని తొందరపడి తిట్టరు.

ఇంకొక కొసన తాహా అబ్దుర్రహ్మాన్ నిలబడ్డారు. మొరాకోకి చెందిన ఈ తర్కశాస్త్ర ఆచార్యుడు 1995లో 'తత్వశాస్త్రం - అనువాదం' మీదే ఒక సంపుటం రాశారు. అక్షరాన్ని పట్టుకు వేలాడే అనువాదాలు అరబ్బులను ఆలోచించనివ్వకుండా చేశాయని ఆయన ఫిర్యాదు. ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్ 'నేను ఆలోచిస్తున్నాను' సూత్రానికి వాడుకలో ఉన్న అరబ్బీ రూపాన్ని పక్కన పడేసి 'ఉంజుర్ తజిద్' అన్నారు. అంటే 'చూడు, దొరుకుతుంది' అని. 'నేను' ఎగిరిపోయింది! విన్నవాళ్లలో సగం మంది చప్పట్లు కొట్టారు, సగం మంది నెత్తి కొట్టుకున్నారు. నా మటుకు అది గొప్ప కవ్వింపే గానీ అనువాదం కాదు. దెకార్త్ దగ్గర 'నేను' తీసేస్తే ఇక మిగిలేదేమిటి?

మూడు నారుమళ్లు

ఇప్పటిదాకా వచ్చిన పేర్లన్నీ వరుసగా పెట్టి చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. వీళ్లలో ఎవరూ అనువాద కళాశాల నుంచి రాలేదు. ఫ్రెంచి వలస పాలన ఒక నారుమడి. గోతియే అల్జియర్స్‌లో పాఠం చెబుతూ ఇబ్న్ తుఫైల్‌నీ, ఇబ్న్ రుష్ద్‌నీ అనువదించారు. మఠాలు రెండో మడి. కైరోలోని డొమినికన్ సన్యాసి జార్జ్ అనవాతీ తత్వవేత్త ఇబ్న్ సీనా అధిభౌతిక గ్రంథాన్ని రెండు సంపుటాల్లో ఫ్రెంచిలో పెట్టారు. మొదటిది 1978లో వస్తే రెండోది 1985లో. నెల జీతాలు, ప్రచురణ గడువులు లెక్కపెట్టుకునే మనిషికి అది సాధ్యమయ్యే పని కాదు. మూడోది ప్రవాసం. దెరిదా 'రచన - భిన్నత' వ్యాసాలను 1988లో కాసాబ్లాంకాలోని తూబ్కాల్ సంస్థకు అరబ్బీలో ఇచ్చిన కాజిం జిహాద్ పారిస్‌లో ఉంటున్న ఇరాకీ కవి.

ప్రవాసుల్లో ముహమ్మద్ అర్కూన్, హాషిం సాలెహ్‌ల జంట గురించి విడిగా చెప్పాలి. అర్కూన్ అల్జీరియాలో బెర్బర్ పల్లెలో పుట్టి సోర్బాన్‌లో ఆచార్యుడయ్యారు. పదో శతాబ్దపు మిస్కవైహ్ నీతిశాస్త్రాన్ని స్వయంగా ఫ్రెంచిలోకి తెచ్చిన మనిషి. కానీ తన సొంత పుస్తకాలు ఫ్రెంచిలోనే రాశారు. వాటిని అరబ్బీ పాఠకులకు చేర్చింది సిరియన్ అనువాదకుడు హాషిం సాలెహ్. పుస్తకం తర్వాత పుస్తకం, దశాబ్దాల పాటు. పేజీ అడుగున పొడవాటి వివరణలు, పీఠికలు, ప్రశ్నోత్తరాలు. 1984లో వచ్చిన 'ఇస్లామీ వివేచన విమర్శ కోసం' అరబ్బీలో 'అరబ్బు ఇస్లామీ చింతన చారిత్రకత' అయ్యింది. 'విమర్శ' మాయమైంది. అనువాదకుడు అంటే భాష మాత్రమే కాదు, ఏ ఊళ్లో ఏ మాటకు తలుపులు మూసుకుంటాయో తెలిసినవాడు కూడా.

ఈ మూడు మళ్లూ ఇప్పుడు ఎండుతున్నాయి. వలస పాలన పోయింది, పోవాల్సిందే. మఠాలు పలచబడ్డాయి. 1970లలో మొరాకోలోనూ, ట్యునీసియాలోనూ తత్వశాస్త్రం బోధన అరబ్బీలోకి మారింది. అది న్యాయమైన మార్పు. దాని ఫలితంగా ఫ్రెంచిలో తత్వశాస్త్రం చదివి, ఇంట్లో అరబ్బీ మాట్లాడే పాత తరం ఇక పుట్టడం లేదు. అటు ఫ్రాన్స్‌లో తత్వశాస్త్ర ఉపాధ్యాయుల పోటీ పరీక్ష అగ్రెగాసియోఁలో విదేశీ భాషా గ్రంథ వివరణకు ఎంచుకోగల భాషల్లో గ్రీకు, లాటిన్, జర్మన్‌లతో పాటు అరబ్బీ కూడా ఉంది. ఆ దారిన వచ్చేవాళ్లే రేపటి అనువాదకులు కాగలరు.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో చెప్పుకుందాం. ఫ్రాన్స్‌లో అనువాదకుడికి లెక్క 1500 అక్షరాల పేజీకి. చదివేసి పడేసే నవల అయినా, ఇబ్న్ సీనా అయినా లెక్క అక్షరాలకే. ఒక పాదసూచిక కోసం వారం రోజులు తిరగేసిన గ్రంథాలకు ఖరీదు కట్టే షరాబు లేడు. అందుకే వీళ్లంతా ఎక్కడో ఆచార్యులు, పరిశోధకులు. అనువాదం రాత్రిళ్లు చేస్తారు. 2003లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం నివేదిక ఒకటి అరబ్బులు వెయ్యేళ్లలో అనువదించినన్ని పుస్తకాలు స్పెయిన్ ఒక్క ఏడాదిలో అనువదిస్తుందని రాసేసరికి ప్రపంచమంతా ఆ మాట పట్టుకుంది. ఆ లెక్కకు ఆధారం బలహీనమని పరిశోధకులు తర్వాత ఎత్తిచూపారు. బేరూత్‌లో 1999లో పెట్టిన అరబ్బు అనువాద సంస్థ ఒక్కటే ఎన్ని తత్వ గ్రంథాలు తెచ్చిందో చూస్తే సంఖ్య కాదు, చేయగల మనుషులు కరువని తెలుస్తుంది.

ఎక్కడ వెతకాలి?

ఒక ప్రచురణకర్తకో, విశ్వవిద్యాలయానికో, తాతగారి అరబ్బీ తత్వగ్రంథం దొరికిన ఒక కుటుంబానికో ఇలాంటి అనువాదకుడు కావాలనుకుందాం. మొదటి పొరపాటు ఏజెన్సీకి ఫోన్ చేయడం. రెండోది అప్పీలు కోర్టు జాబితాలో ఉన్న ప్రమాణపత్ర అనువాదకుడిని పిలవడం. పెళ్లి సర్టిఫికెట్‌కి ఆయన దిట్ట, ఫారాబీకి కాదు.

పుస్తకాల పీఠికల్లో వెతకాలి. పారిస్‌లో వ్రాఁ అనే పాత తత్వశాస్త్ర ప్రచురణ సంస్థ జాబితా ముందు పెట్టుకుంటే సగం పని అయినట్టే. అరిస్టాటిల్ 'అలంకారశాస్త్రం' మీద ఇబ్న్ రుష్ద్ వ్యాఖ్యానాన్ని మారూన్ అవాద్ 2002లో అక్కడే మూడు సంపుటాల్లో ఇచ్చారు. అలాంటి పని చేసినవాళ్లకు తీరిక లేకపోయినా వాళ్ల శిష్యుల పేర్లు చెబుతారు. విల్‌జ్విఫ్‌లోని ఝాఁ పెపాఁ పరిశోధన కేంద్రం, పారిస్‌లోని ఇనాల్కో, కైరోలో డొమినికన్ల గ్రంథాలయం, బేరూత్‌లో సెయింట్ జోసెఫ్ విశ్వవిద్యాలయం అనువాద విభాగం, కార్తేజ్‌లోని బైతుల్ హిక్మా అకాడమీ తట్టదగ్గ తలుపులు. అరబ్బీ, ఫ్రెంచి మధ్య మానవశాస్త్రాల అనువాదానికే ప్రత్యేకించి ఇబ్న్ ఖల్దూన్ - సెంఘోర్ పురస్కారం ఉంది. దాని విజేతల జాబితా కంటే మంచి చిరునామాల పుస్తకం లేదు. ఫ్రెంచి ప్రభుత్వ ప్రచురణ సహాయ పథకం లెబనాన్‌లో ఝోర్ఝ్ షెహాదే పేరుతో నడుస్తుంది. మన దేశంలో అదే పథకానికి ఠాగూరు పేరు.

మనిషి దొరికాక నమూనా అడగండి. పీఠిక ఇవ్వకండి, పీఠిక ఎవరైనా చేస్తారు. సర్వనామాలు ఒకదాని మీద ఒకటి పడే నడిమధ్య పేజీ ఇవ్వండి. వచ్చిన అనువాదం కంటే ముందు దాని పాదసూచికలు చదవండి. ఇక్కడ నాకు అనుమానం ఉంది, ఈ పాఠం ఇంకో రాతప్రతిలో వేరుగా ఉంది అని రాసినవాడు నమ్మదగ్గవాడు. అన్నీ నున్నగా సాగిపోతే జాగ్రత్తపడండి. యంత్రాలు ఇచ్చే అనువాదం అలాగే నున్నగా ఉంటుంది. అరబ్బీలో పొట్టి అచ్చులు రాయరు. ఐన్, లామ్, మీమ్ అనే మూడు హల్లులు పక్కపక్కన కనబడితే అది జ్ఞానం కావచ్చు, జెండా కావచ్చు, 'తెలుసుకున్నాడు' కావచ్చు, 'నేర్పాడు' కావచ్చు. వార్తలో ఏదో యంత్రం పోల్చుకోగలదు. తొమ్మిది వందల ఏళ్ల నాటి వాదనలో పోల్చుకున్నదని ఎవరు పూచీ పడతారు?

కొన్నిసార్లు మూలమే ఉండదు. ప్లేటో 'రిపబ్లిక్' మీద ఇబ్న్ రుష్ద్ రాసిన వ్యాఖ్య అరబ్బీలో నశించిపోయింది, హీబ్రూ అనువాదం మిగిలింది. మొరాకో పండితుడు అహ్మద్ షహ్లాన్ హీబ్రూ నుంచి దాన్ని మళ్లీ అరబ్బీ చేస్తే 1998లో బేరూత్‌లో అచ్చయింది. అరిస్టాటిల్ 'ఆత్మ' మీద ఇబ్న్ రుష్ద్ పెద్ద వ్యాఖ్యానానికి మిగిలింది లాటిన్. దాన్ని లాటిన్ నుంచి అరబ్బీలోకి తెచ్చింది ఒక ట్యునీసియన్, అందులో మూడో భాగాన్ని ఫ్రెంచిలోకి తెచ్చింది అలాఁ ద లిబెరా.

తార్నాక దాకా

ఈ కథలో మనకూ ఒక వాటా ఉంది. 1908లో హైదరాబాదులో పుట్టిన ముహమ్మద్ హమీదుల్లా ఉస్మానియాలో చదివి, 1935లో సోర్బాన్ నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. 1948 తర్వాత పారిస్‌లోనే ఉండిపోయి ఫ్రెంచి జాతీయ పరిశోధన సంస్థలో పనిచేశారు. మిషెల్ లెతుర్మీ సహకారంతో ఆయన చేసిన ఖురాన్ ఫ్రెంచి అనువాదం 1959లో వచ్చింది. అబుల్ హుసేన్ అల్ బస్రీ న్యాయసిద్ధాంత గ్రంథం 'ముతమద్'ని డమాస్కస్‌లోని ఫ్రెంచి సంస్థ కోసం పరిష్కరించిందీ ఆయన నాయకత్వంలోనే. 2002లో అమెరికాలో చనిపోయారు. ఆయన్ని మన దగ్గర గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ.

ఇంకోటి దాయిరతుల్ మారిఫ్. 1888లో హైదరాబాదులో మొదలైన ఈ సంస్థ పని అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేయడం. ఫఖ్రుద్దీన్ రాజీ 'మబాహిస్ అల్ మష్రికియా', అబుల్ బరకాత్ అల్ బగ్దాదీ 'కితాబ్ అల్ ముతబర్', 1947లో ఇబ్న్ రుష్ద్ లఘు వ్యాఖ్యల సంపుటి ఇక్కడే వెలువడ్డాయి. పారిస్‌లోనూ కైరోలోనూ ఈ తత్వవేత్తల మీద పనిచేసినవాళ్ల పాదసూచికల్లో 'హైదరాబాద్' అన్న మాట పదేపదే కనిపించేది అందుకే.

ఆ సంస్థ తార్నాక దగ్గర, ఉస్మానియా ప్రాంగణంలో ఉంది. అరబ్బీ, ఫ్రెంచి రెండిట్లోనూ ఉన్నత చదువులు చెప్పే ఇఫ్లూ విశ్వవిద్యాలయం దాని పక్కనే ఉంది. ఆ రెండు శాఖల్లో చదువుతున్న పిల్లలు ఎవరైనా ఈ వ్యాసం చూస్తే, ఒకరోజు గోడ దాటి వెళ్లి ఆ పుస్తకాలు తెరిచి చూడమని నా మనవి. ఇబ్న్ రుష్ద్ ఫ్రెంచిలోకి వెళ్లాల్సింది ఇంకా చాలా మిగిలి ఉంది.